యూనికార్న్ విలువ, మగ్గం ఆదాయం: భేస్తాన్ నుంచి చూస్తే కనిపించే ఆర్థిక వ్యవస్థ

భేస్తాన్ (సూరత్): ముంబై–అహ్మదాబాద్ ప్రధాన రైలు మార్గంలో ఉధనా, సచిన్ స్టేషన్ల మధ్య ఉన్న చిన్న స్టేషను భేస్తాన్. సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసరా పారిశ్రామిక వాడకు చేరువలో ఉన్న ఈ ప్రాంతం మరమగ్గాలు, అద్దకం మిల్లులు, కార్మికుల బస్తీల మధ్య విస్తరించింది. శతకోటి డాలర్ల విలువను అందుకున్న సాంకేతిక అంకుర సంస్థల జాబితాలో భేస్తాన్ పేరు ఎక్కడా కనబడదు. ఆ సంస్థల ప్రధాన కార్యాలయాలు బెంగళూరు, ఢిల్లీ పరిసరాలు, ముంబై, హైదరాబాద్, చెన్నై వంటి నగరాల్లో ఉన్నాయి. అయినప్పటికీ, ఆ సంస్థలు దేశ ఆర్థిక వ్యవస్థను నిజంగా మారుస్తున్నాయా, మారుస్తుంటే ఎవరికి లాభం, ఎవరిపై భారం అనే ప్రశ్నలకు సమాధానం వెదకవలసింది ఇటువంటి చోట్లనే. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఒక గృహిణి సెల్‌ఫోనులో మూడు వందల రూపాయల లోపు ధరకు కొనే పాలిస్టర్ చీర చాలా సందర్భాల్లో సూరత్ పరిసరాల మగ్గంపైనే పుట్టి ఉంటుంది.

యూనికార్న్ అంటే ఏమిటి?

స్టాక్ మార్కెట్‌లో నమోదు కాకుండానే 100 కోట్ల డాలర్ల విలువను చేరుకున్న అంకుర సంస్థను యూనికార్న్ అని వ్యవహరిస్తారు. అమెరికాకు చెందిన పెట్టుబడిదారు ఐలీన్ లీ 2013 నవంబరులో రాసిన ఒక వ్యాసంలో ఈ పేరును తొలిసారి వాడారు. పురాణ కథల్లోని ఒంటికొమ్ము గుర్రం వలె అరుదైనవనే ఉద్దేశంతో పెట్టిన పేరది. అప్పటికి ఆమె లెక్కకు వచ్చినవి 39 సంస్థలే. భారతదేశంలో మొబైల్ ప్రకటనల సంస్థ ఇన్‌మోబి 2011లో ఈ స్థాయిని చేరగా, మరుసటి ఏడాది ఫ్లిప్‌కార్ట్ చేరింది. 2021 ఒక్క సంవత్సరంలోనే నలభైకి పైగా భారతీయ సంస్థలు ఈ జాబితాలోకి వచ్చాయి. 2022 మే నెలలో దేశంలో నూరవ యూనికార్న్ అవతరించినట్లు ప్రకటనలు వెలువడ్డాయి. ఆపై ప్రపంచమంతటా వడ్డీ రేట్లు పెరిగి పెట్టుబడులు ముడుచుకోవడంతో 2023లో కొత్తగా చేరినవి జెప్టో, ఇన్‌క్రెడ్ అనే రెండు సంస్థలు మాత్రమే. అరుదైనవని పేరు పెట్టిన పదేళ్లకే ఏడాదికి నలభై పుట్టడం, ఆ వెంటనే రెండుకు పడిపోవడం గమనిస్తే, ఈ లెక్క దేశంలోని ప్రతిభ కన్నా ప్రపంచంలోని చౌక ధనాన్ని ఎక్కువగా సూచిస్తుందన్న అనుమానం కలగక మానదు.

ఆ విలువను కట్టే పద్ధతి తెలిస్తే ఈ అనుమానం మరింత స్పష్టమవుతుంది. ఒక సంస్థలో కోటి వాటాలు ఉన్నాయనుకుందాం. కొత్త మదుపరి ఒకరు ఒక్కో వాటాకు 100 డాలర్లు చెల్లించి కొత్తగా జారీ చేసిన 5 లక్షల వాటాలు తీసుకుంటే సంస్థకు వచ్చిన సొమ్ము 5 కోట్ల డాలర్లు. కానీ ఆ ధరను మొత్తం కోటీ 5 లక్షల వాటాలకూ వర్తింపజేయగానే సంస్థ విలువ 105 కోట్ల డాలర్లుగా నమోదవుతుంది. పైగా చివర వచ్చిన మదుపరికి, సంస్థ అమ్ముడుపోతే తన సొమ్మును ముందుగా తిరిగి తీసుకునే హక్కు వంటి రక్షణలు తరచూ ఉంటాయి. అటువంటి రక్షణలు లేని ఉద్యోగి వాటాను అదే ధరకు లెక్కగట్టడం సరికాదు.

స్థూల దేశీయోత్పత్తి లెక్క దీనికి పూర్తిగా భిన్నం. ఒక ఏడాదిలో అదనంగా సృష్టించిన వస్తు సేవల విలువనే అది లెక్కిస్తుంది. ఆన్‌లైన్ విపణి వేదికపై చీర అమ్ముడైతే ఆ చీర మొత్తం ధర వేదిక ఖాతాలోకి రాదు. వేదిక తీసుకున్న ప్రకటనల రుసుము, రవాణా సేవల రుసుము వంటివే దాని ఆదాయం. నూలు తీసినవారు, నేసినవారు, అద్దినవారు, అమ్మినవారు చేర్చిన విలువ వారివారి ఖాతాల్లోనే ఉంటుంది. అందువల్ల యూనికార్న్‌ల మొత్తం విలువను దేశ ఆదాయంతో పక్కపక్కన పెట్టి చూపే పట్టికలు తరచుగా ప్రచారంలోకి వచ్చినా, వాటికి ఆర్థిక శాస్త్రంలో పెద్దగా అర్థం లేదు. ఆ సంస్థ రాక వల్ల మిగతా గొలుసులోని వారి విలువ పెరిగిందా, తరిగిందా, లేక ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారిందా అన్నది చూడాలి.

తాకా నుంచి చీర దాకా

సూరత్ వస్త్ర వ్యాపారం ఒక పొడవైన గొలుసు. పాలిస్టర్ నూలు మరమగ్గంపైకి చేరి తెల్లని గ్రే గుడ్డగా బయటకు వస్తుంది. ఈ గుడ్డ చుట్టను స్థానికంగా తాకా అంటారు. నేతదారు దానిని రింగ్ రోడ్డు మార్కెట్లలోని వ్యాపారికి అమ్ముతాడు. వ్యాపారి దానిని పాండేసరా, సచిన్ వంటి చోట్ల ఉన్న మిల్లులకు పంపి కూలిపై అద్దకం, అచ్చు వేయిస్తాడు. ఆ తర్వాత అంచులు కుట్టడం, రాళ్లు అతకడం, జరీ పని వంటివి చిన్న కార్ఖానాల్లోనూ, మహిళల చేతుల మీదుగా ఇళ్లలోనూ జరుగుతాయి. మడతపెట్టి కట్టలు కట్టిన సరకు రవాణా కంపెనీల ద్వారా దేశంలోని హోల్‌సేల్ బజార్లకు వెళుతుంది. కొనేవారికీ అమ్మేవారికీ నడుమ అడ్తీదారు ఉంటాడు. దూరపు వ్యాపారి నమ్మదగినవాడా కాదా అన్నది తేల్చేదీ, బాకీ వసూలు చేసి పెట్టేదీ అతనే.

ఈ గొలుసును నడిపించినది సరకు కన్నా అప్పే అనడం అతిశయోక్తి కాదు. సరకు పంపిన మూడు నెలలకో, ఆరు నెలలకో డబ్బు చేతికి రావడం ఇక్కడి ఆనవాయితీ. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలని, లేనిపక్షంలో ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయం నుంచి మినహాయించుకోవడానికి వీల్లేదని ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన నిర్దేశించింది. 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి రానున్న తరుణంలో సూరత్ వస్త్ర విపణిలో పెద్ద కలకలం రేగింది. చిన్న నేతదారును కాపాడడానికి తెచ్చిన నిబంధనకు భయపడి పెద్ద కొనుగోలుదారులు ఆర్డర్లే తగ్గిస్తారేమోనని చిన్నవారే ఆందోళన చెందారు. అంతకు ముందు, 2017 జులైలో వస్తుసేవల పన్ను అమల్లోకి వచ్చినప్పుడు సూరత్ వస్త్ర వ్యాపారులు రెండు వారాలకు పైగా దుకాణాలు మూసి నిరసన తెలిపారు. పన్ను శాతం ఒక్కటే వారి అభ్యంతరం కాదు. మాట మీద, చిట్టా మీద నడిచిన వ్యాపారం ప్రతి మెట్టులోనూ కాగితం మీదికి రావలసి ఉండడం వారిని కలవరపెట్టింది.

మీషో రాక

సరిగ్గా ఈ గొలుసు మీదనే ఆధారపడి పెరిగిన యూనికార్న్ మీషో. ఐఐటీ ఢిల్లీ పూర్వ విద్యార్థులు విదిత్ ఆత్రే, సంజీవ్ బర్న్‌వాల్ 2015లో దీనిని బెంగళూరు కేంద్రంగా ప్రారంభించారు. వాట్సాప్ ద్వారా ఇరుగుపొరుగుకు బట్టలు అమ్మే గృహిణులకు సరకు సమకూర్చి పెట్టడం తొలి రోజుల్లో దీని వ్యాపారం. ఫేస్‌బుక్ 2019లో ఇందులో పెట్టుబడి పెట్టింది. భారతీయ అంకుర సంస్థలో ఆ కంపెనీ పెట్టిన తొలి పెట్టుబడి అదే. 2021 ఏప్రిల్‌లో సాఫ్ట్‌బ్యాంక్ నేతృత్వంలో 30 కోట్ల డాలర్లు సమీకరించి 210 కోట్ల డాలర్ల విలువతో యూనికార్న్ అయింది. అదే సంవత్సరం విక్రేతల నుంచి కమిషన్ తీసుకోవడం మానివేసింది. ప్రకటనలు, రవాణా సేవల ద్వారా ఆదాయం రాబట్టే పద్ధతికి మళ్లింది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో నిర్వహణ ఆదాయం 7,615 కోట్ల రూపాయలు. 2025 డిసెంబరు 10న స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైంది. 111 రూపాయల ధరకు జారీ చేసిన వాటా తొలి రోజునే అంతకు బాగా పైన ముగిసింది. మార్కెట్‌లో నమోదైన సంస్థ కనుక నిర్వచనం ప్రకారం ఇప్పుడది యూనికార్న్ కాదు. అయితే యూనికార్న్‌గా ఉన్న కాలంలో సూరత్‌లో తెచ్చిన మార్పు మాత్రం నిలిచే ఉంది.

ఆ మార్పులో మొదటిది, అడ్తీదారు చేసే పనిని సాఫ్ట్‌వేరు చేపట్టడం. ఎవరు కొంటున్నారో, ఎక్కడ ఏ రంగు చీర కదులుతోందో, ఏ పిన్‌కోడ్ నుంచి సరకు తిరిగి వస్తోందో విక్రేతకు రోజువారీగా తెలుస్తుంది. నేతదారు లేదా చిన్న వ్యాపారి దేశంలో ఏ పట్టణానికైనా ఒక్క చీర అమ్మగలడు. పూర్వం కట్టలుగా తప్ప సరకు కదిలేది కాదు. రెండవది, డబ్బు చేతికి వచ్చే కాలం. సరకు చేరిన సుమారు వారానికి విక్రేత ఖాతాలో సొమ్ము జమ కావడం, నెలల తరబడి బాకీకి అలవాటుపడిన విపణిలో చిన్న విషయం కాదు. పెట్టుబడి ఏడాదికి మూడు సార్లు తిరిగే చోట పది సార్లు తిరిగితే అదే పెట్టుబడితో ఎక్కువ మగ్గాలకు పని దొరుకుతుంది. ఆర్థిక వ్యవస్థకు యూనికార్న్ చేసిన అసలు మేలు ఏదైనా ఉంటే అది ఈ లెక్కలో ఉంది, 210 కోట్ల డాలర్ల లెక్కలో లేదు.

మూడవది, జాడ. వేదిక ద్వారా జరిగే ప్రతి అమ్మకంపైనా నిర్వాహక సంస్థ కొద్ది శాతం పన్నును ముందుగా మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. జీఎస్టీ కింద ఇది 1 శాతంగా ఉండేది. 2024 జులై 10 నుంచి 0.5 శాతానికి తగ్గించారు. ఆదాయపు పన్ను కింద మినహాయింపును అదే ఏడాది అక్టోబరు నుంచి 1 శాతం నుంచి 0.1 శాతానికి కుదించారు. రేటు చిన్నదే కానీ దాని వల్ల విక్రేత అమ్మకాల చరిత్ర అధికారికంగా నమోదవుతుంది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని వ్యాపారికి రుణం ఇచ్చే ముందు బ్యాంకు చూడదగిన పత్రం అదే.

ఇక్కడ ఒక చిక్కుముడి కూడా ఉంది. నిర్ణీత వార్షిక అమ్మకాల పరిమితికి లోబడిన చిన్న విక్రేతలు జీఎస్టీ నమోదు లేకుండానే ఈ-కామర్స్ వేదికలపై అమ్ముకునే వీలును 2023 అక్టోబరు 1 నుంచి కల్పించారు. కానీ అది సొంత రాష్ట్రంలోని అమ్మకాలకే పరిమితం. సూరత్ చీరకు కొనుగోలుదారులు బిహార్‌లో, ఉత్తరప్రదేశ్‌లో, తెలుగు రాష్ట్రాల్లో ఉంటారు. గుజరాత్‌లోనే అమ్ముకోవడానికి వీలు కల్పించే సడలింపు ఇక్కడి ఇంటి కార్ఖానాకు పెద్దగా అక్కరకు రాదు.

తిరిగి వచ్చే పార్శిల్

నష్టాల పద్దు కూడా చిన్నది కాదు. మీషో ఆర్డర్లలో పెద్ద భాగం సరకు అందాక నగదు చెల్లించే పద్ధతిలోనే నడుస్తాయి. చిన్న పట్టణాల కొనుగోలుదారు నమ్మకం సంపాదించాలంటే వేరే దారి లేదు. అయితే తలుపు దాకా వెళ్లిన పార్శిల్‌ను కొనుగోలుదారు తిరస్కరిస్తే అది దేశమంతా చుట్టి తిరిగి సూరత్‌కు వస్తుంది. నలిగిన చీరను మళ్లీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, కొత్త సంచిలో పెట్టాలి. మాసిపోతే అది నష్టమే. రవాణా రుసుము ఎవరు భరించాలి, పాడైన సరకుకు పరిహారం ఎంత అన్న నిబంధనలను నిర్ణయించేది వేదిక. వాటిని మార్చేదీ వేదికే. రింగ్ రోడ్డు వ్యాపారి అప్పు ఎగవేతను భరించేవాడు. ఆన్‌లైన్ విక్రేత వాపసు సరకును భరిస్తున్నాడు. కష్టం రూపం మారింది కానీ అది ఎక్కువగా పడేది మునుపటి వలెనే గొలుసులో బలహీనంగా ఉన్నవారి మీద.

ధరల పోటీ దీనికి తోడవుతుంది. సగటు ఆర్డరు విలువ మూడు వందల రూపాయల లోపు ఉండే వేదికపై పది రూపాయల తేడా అమ్మకాన్ని తారుమారు చేయగలదు. ఒకరి చీర బొమ్మ బాగా కదిలిందని తెలియగానే అదే అచ్చు మరో మిల్లులో పడుతుంది. చైనాలో ఇదే కథ ఇంతకు ముందే నడిచింది. అక్కడ ఆలీబాబా వేదిక ఆధారంగా వస్తువులు తయారుచేసి అమ్మే గ్రామాలను తావోబావ్ గ్రామాలు అంటారు. ఏడాదికి కోటి యువాన్ల ఆన్‌లైన్ అమ్మకాలు, దానితోపాటు నూరు క్రియాశీల దుకాణాలు లేదా పదో వంతు కుటుంబాల భాగస్వామ్యం ఉంటేనే ఆ పేరు దక్కుతుంది. 2009లో మూడు గ్రామాలతో మొదలైన లెక్క 2022 నాటికి ఏడు వేలు దాటింది. వాటిలో మొదటి తరానికి చెందిన, జియాంగ్సు రాష్ట్రంలోని షాజి పట్టణ ప్రాంతం చెక్క సామాన్లతో పేరు పొందింది. అక్కడ ఒకరి నమూనాను ఒకరు అనుకరించడం, ధరలు పడిపోవడం, హక్కుల తగాదాలు అన్నీ జరిగాయి. నాణ్యత, సొంత బ్రాండు వైపు మళ్లినవారే అక్కడ నిలదొక్కుకున్నారు.

భారతీయ చట్టం వేదికలకు కొన్ని హద్దులు గీసింది. విదేశీ పెట్టుబడి ఉన్న విపణి వేదిక తానే సరకు యజమానిగా వ్యవహరించకూడదని, విక్రేతల సరకుపై ఆధిపత్యం చలాయించకూడదని 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధనలు చెబుతున్నాయి. కానీ శోధన ఫలితాల్లో ఎవరి చీర ముందు కనబడాలో, ఎవరిది ఇరవయ్యో పేజీలో ఉండాలో ప్రధానంగా వేదిక అల్గారిథమే తేలుస్తుంది. ప్రకటన రుసుము చెల్లించినవారు ముందుకు వస్తారు. కమిషన్ లేదు గనుక అంతా ఉచితమనుకోవడం పొరపాటు.

సిరిసిల్ల అద్దంలో

తెలుగు పాఠకులకు సూరత్ దూరపు ఊరు కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా నేత కుటుంబాలు షోలాపూర్, భివండి, సూరత్‌లకు వలస వెళ్లాయి. సూరత్ నగరపాలిక ఏడు భాషా మాధ్యమాల్లో పాఠశాలలు నడుపుతోంది. వాటిలో తెలుగు ఒకటి. మగ్గం నడిపేవారిలో తెలుగువారితో పాటు ఒడిశాలోని గంజాం జిల్లా వారు, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

సిరిసిల్లలోనూ మరమగ్గాలపై నేసేది ఎక్కువగా పాలిస్టరే. అక్కడి గొలుసులో సేట్లు, ఆసాములు, కార్మికులు అనే మూడు మెట్లు ఉంటాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ ప్రారంభించి సిరిసిల్లకు ఆర్డర్లు ఇచ్చింది. తొలి ఏడాది అవసరమైన సంఖ్యలో చీరలు అక్కడ సిద్ధం కాకపోవడంతో కొంత భాగాన్ని సూరత్ నుంచి కొనుగోలు చేశారు. ఆ చీరల నాణ్యతపై కొన్ని చోట్ల మహిళలు నిరసన తెలిపారు. తర్వాతి సంవత్సరాల్లో సిరిసిల్ల మగ్గాలకు నెలల తరబడి పని దొరికింది. ఆ ఆర్డర్లు ఆగినప్పుడు, బకాయిలు పేరుకున్నప్పుడు మగ్గాలు కూడా ఆగాయి.

ఒకే నూలు, దాదాపు ఒకే రకం మగ్గాలు ఉన్న రెండు ఊళ్ల నడుమ తేడా ఏమిటన్నది ఇక్కడ గమనించదగినది. సిరిసిల్లకు ఒకే పెద్ద కొనుగోలుదారు ఉన్నాడు, అది ప్రభుత్వం. సూరత్‌కు అద్దకం మిల్లులు, అచ్చు నమూనాలు గీసేవారు, అంచులు కుట్టేవారు, రవాణా కంపెనీలు అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపే దొరుకుతాయి. యూనికార్న్ వచ్చి సూరత్‌ను సృష్టించలేదు. అప్పటికే ఉన్న సూరత్ మీద ఎక్కి అది ఎదిగింది. ఈ వరుసను తలకిందులు చేసి, వేదికలో చేర్పిస్తే చాలు ఏ నేత ఊరైనా సూరత్ అవుతుందని భావించే విధానాలు విఫలం కావడంలో ఆశ్చర్యం లేదు. సిరిసిల్లలో తయారైన గుడ్డకు అద్దకం, అచ్చు, తుది మెరుగుల సదుపాయం దండిగా సమకూరనంత వరకు సెల్‌ఫోనులోని దుకాణం దానికి చేయగల సాయం పరిమితం.

కట్టడం ముందు వచ్చి వ్యాపారం వెనుకబడిన ఉదంతం సూరత్‌లోనే మరొకటి ఉంది. నగరానికి దక్షిణాన ఖజోద్ వద్ద 2023 డిసెంబరు 17న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్ 67 లక్షల చదరపు అడుగుల భవనం. అమెరికా రక్షణ శాఖ భవనం పెంటగాన్ కన్నా అది పెద్దది. ముంబై నుంచి వజ్రాల వ్యాపారులు ఆశించిన వేగంతో తరలిరాకపోవడంతో చాలా కార్యాలయాలు చాలాకాలం మూసే ఉన్నాయి.

ఒక సంస్థ నుంచి మరో సంస్థకు

యూనికార్న్‌ల వల్ల ఆర్థిక వ్యవస్థకు కలిగే మరో ప్రయోజనం అనుభవం, ధనం చేతులు మారడం. 2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ స్థాపించిన ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు కొన్నది. ఫ్లిప్‌కార్ట్‌లో పనిచేసినవారి నుంచే ఫోన్‌పే, ఉడాన్, గ్రో వంటి సంస్థలు పుట్టాయి. చిన్న దుకాణదారులకు హోల్‌సేల్ సరకు అందించే ఉడాన్ 2016లో మొదలై రెండేళ్లలోనే యూనికార్న్ అయింది. ఎస్టోనియా వంటి చిన్న దేశంలో ఇదే పాత్రను స్కైప్ పోషించింది. 2005లో ఈబే దానిని కొన్న తర్వాత ఆ సంస్థలో పనిచేసినవారు పెట్టిన కంపెనీలు ఆ దేశ ఆర్థిక స్వరూపాన్నే మార్చాయి.

తెలుగువారి పాత్ర ఈ కథలో తక్కువేమీ కాదు. ఫణీంద్ర సామా 2006లో మిత్రులతో కలిసి ప్రారంభించిన రెడ్‌బస్ 2013లో ఇబిబో చేతికి వెళ్లింది. తరువాత ఆయన తెలంగాణ ప్రభుత్వ ముఖ్య ఆవిష్కరణల అధికారిగా పనిచేశారు. శ్రీహర్ష మాజేటి సహ వ్యవస్థాపకుడిగా ఉన్న స్విగ్గీ 2024 నవంబరు 13న మార్కెట్‌లో నమోదైంది. అరవింద్ సంకా, పవన్ గుంటుపల్లి తదితరులు స్థాపించిన ర్యాపిడో 2024లో యూనికార్న్ అయింది. హైదరాబాద్ నుంచి డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో ఆ స్థాయిని చేరింది. 2015 నవంబరులో ఆరంభమైన టీ-హబ్, 2025 ఆగస్టులో అమరావతిలో ప్రారంభించిన రతన్ టాటా ఆవిష్కరణ కేంద్రం ఇటువంటి సంస్థలను సొంత గడ్డపైనే పెంచాలన్న ప్రయత్నాలు.

లాభాలు ఏ దేశ ఖజానాకు చేరతాయన్నది దీనికి ముడిపడిన ప్రశ్న. పెట్టుబడుల సౌలభ్యం కోసం చాలా భారతీయ అంకుర సంస్థలు తమ మాతృ సంస్థలను సింగపూర్‌లోనో అమెరికాలోని డెలావేర్‌లోనో నమోదు చేశాయి. ఇప్పుడు మార్కెట్‌లో నమోదు కోసం తిరిగి వస్తున్నాయి. ఫోన్‌పే 2022లో సింగపూర్ నుంచి మారినప్పుడు దాని మదుపరులు సుమారు 8,000 కోట్ల రూపాయల పన్ను చెల్లించారు. మీషో కూడా డెలావేర్ నుంచి భారత్‌కు మారాకే పబ్లిక్ ఇష్యూకు వెళ్లింది. అంకుర సంస్థల పెట్టుబడులపై భారంగా ఉన్న ఏంజెల్ పన్నును 2024 జులై బడ్జెట్‌లో రద్దు చేశారు.

వీటన్నిటికీ పునాదిగా అందరికీ ఉమ్మడిగా నిర్మించిన వ్యవస్థ ఒకటుందని మరువరాదు. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ ప్రారంభించిన యూపీఐ 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. ఫోన్‌పే, గూగుల్ పే వంటివి ఈ రహదారిపై నడిచే వాహనాలే. రహదారి ప్రజలది కావడం వల్లనే కొత్త వాహనానికి దారి దొరుకుతోంది.

కూలినవి

విలువ ఎంత వేగంగా పెరుగుతుందో అంత వేగంగానూ పడిపోగలదు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన బైజూస్ మాతృ సంస్థపై 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. 2021 నవంబరులో పేటీఎం వాటాను 2,150 రూపాయలకు జారీ చేయగా తొలి రోజే నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఇందులో విదేశీ నిధుల నష్టం ఒక ఎత్తు. ముందుగా రుసుము కట్టిన తల్లిదండ్రులు, ఉద్యోగం వదిలి చేరిన యువకులు, పొదుపు సొమ్ముతో వాటాలు కొన్న చిన్న మదుపరులు నష్టపోవడం మరో ఎత్తు.

ఉపాధి విషయంలోనూ లెక్కలు జాగ్రత్తగా చదవాలి. 2024 అక్టోబరు చివరి నాటికి గుర్తింపు పొందిన అంకుర సంస్థలు 16 లక్షలకు పైగా ప్రత్యక్ష ఉద్యోగాలు కల్పించాయని కేంద్రం తెలిపింది. ఇది ఆ సంస్థలు తామే ఇచ్చిన వివరాల మొత్తం. వేదికల ద్వారా సరకు చేరవేసేవారు, బండ్లు నడిపేవారు దీనికి వెలుపల ఉంటారు. అటువంటి గిగ్ కార్మికులు 2020–21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029–30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022 జూన్ నివేదిక అంచనా కట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతి వీరిని తొలిసారి చట్టంలో గుర్తించింది. వేదిక సంస్థలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతాన్ని, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, సామాజిక భద్రత నిధికి జమ చేయాలి.

భేస్తాన్ పరిసరాల్లో మగ్గం నడిపే కార్మికునికి ఈ నిబంధన వర్తించదు. అతడు గిగ్ కార్మికుడు కాడు, వేదిక నమోదు పుస్తకంలో విక్రేతా కాడు. కూలి మీటరు లెక్కన, పని తరచూ 12 గంటల షిఫ్టు. పన్ను మినహాయింపు పత్రంలో విక్రేత అమ్మకాలు నమోదవుతాయి, వేదిక ఖాతాలో రుసుము నమోదవుతుంది, మదుపరి ఖాతాలో వాటా విలువ నమోదవుతుంది. ఆ చీరను నేసిన మీటర్ల లెక్క మాత్రం నేటికీ కార్ఖానా గుమాస్తా చిట్టాలోనే ఉంటుంది.